అగ్నిభయము – ఇంటి తాళము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



రజతోత్సవ సభలలో సాహిత్యమును గుఱించియో, గ్రంథాలయోద్యమ చరిత్రను గుఱించియో ప్రసంగించుట పరిపాటి. ఆ పని నాకంటె చక్కగా చేయగల పెద్దలు ఈ వేదికమీదనే యున్నారు. కార్యదర్శిగారు నన్ను పిలువవచ్చినపుడు, "మీరు ముప్పదియేండ్లు అగ్నిమాపక శాఖలో పనిచేసినవారు గదా, ఇంటికి పనికివచ్చు మాట యేదైన చెప్పుడు" అని కోరిరి. కావున ఇంటిలో పుట్టు నిప్పును గుఱించియు, ఆపద వచ్చునప్పటికి ఇల్లు ఎట్లు సిద్ధపడి యుండవలెనో దానిని గుఱించియు నాలుగు మాటలు చెప్పదలచితిని. గ్రంథాలయ వేదికకు ఇది తగని విషయమని నే ననుకొనను. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిన కాలమునుండియు మన గ్రంథాలయములు పుస్తకములను అరువిచ్చుటతో తృప్తిపడక, ఊరివారికి తెలియవలసిన సంగతులను తెలియజెప్పుట తమ విధిగానే తలచినవి.

ఈ సభలో అఱువదేండ్లు దాటినవారికి తాటియాకు ఇండ్ల కాలము జ్ఞాపకముండును. చైత్ర వైశాఖములలో కప్పులు ఎండి చిటచిటలాడుచుండెడివి. మధ్యాహ్నము వంటవేళ పడమటిగాలి వీచుచుండగా ఎవరి పొయ్యిలోనుండియో ఒక్క నిప్పురవ్వ ఎగిరి చూరున పడెడిది. పడిన క్షణము తెలియదు. తెలియునప్పటికి కప్పు సగము అంటుకొని యుండును. కాలుచున్న ఆకు గాలికి లేచి నడుమనున్న నాలుగిండ్లను దాటి ఐదవ యింటిపై వ్రాలును. ఆడువారు బిందెలతో నీరందించుచుండ, మగవారు దోటీలు, గడకఱ్ఱలు పట్టుకొని కాలుచున్న యింటి జోలికి పోక, ఇంకను అంటుకొనని ప్రక్కయింటి కప్పును లాగి పాఱవేసెడివారు. ఆ యింటివాడు ఏడ్చుచుండగనే లాగివేసెడివారు. చూచుటకు క్రూరముగ నుండెడిది గాని, శాస్త్రము అదియే. నిప్పునకు మేత లేకుండ చేయుటకంటె గొప్ప ఉపాయము నేటికిని ఎవ్వరును కనిపెట్టలేదు. మా శాఖలో మాకు నేర్పినదియు అదే.

ఆ యిండ్లు పోయినవి, పోవుటయు మంచిదే. ఆకుల కప్పు ఎంత వేగముగ కాలునో 2004 జూలై 16వ తేదీన తమిళనాడులోని కుంభకోణములో దేశమంతయు చూచినది. పాఠశాల వంటపాకలో పుట్టిన నిప్పు తరగతుల పైకప్పునకు ప్రాకి 94 మంది పిల్లలను పొట్టనుపెట్టుకొన్నది. కావున తాటియాకు ఇంటిని నేను పొగడుటలేదు. అయినను ఒక్క సంగతి గమనింపుడు. ఆనాడు మన వాడలలో ఇండ్లు వరుసలు వరుసలుగా బూడిదయ్యెడివి. ధాన్యము, బట్టలు, పెట్టెలు సమస్తము పోయెడివి. మనుష్యులు మాత్రము తఱచుగా మిగిలెడివారు. ఉయ్యాలలోని బిడ్డయో, మంచము పట్టిన వృద్ధులో చిక్కుకొన్న సందర్భములు లేకపోలేదు. కాని తక్కినవారు బయటపడుటకు పట్టునది నాలుగంగలే. తలుపునకు తాళము లేదు. తడికను కాలితో తన్నినను అది ద్వారమే యగును.

నేడు మనవి డాబాయిండ్లు. గోడ కాలదు, కప్పు కాలదు. ఈ ధైర్యముతో మనము హాయిగ నిద్రించుచున్నాము. ఇల్లు కాలకపోవచ్చును, ఇంటిలోని సామాను కాలును. పరుపులలోని స్పాంజి, ప్లాస్టికు కుర్చీలు, నైలాను తెరలు, దూరదర్శన యంత్రము, శీతల పేటిక, బీరువాలోని పట్టుచీరలు కాని పట్టుచీరలు – ఇవి కాలినపుడు మంటకంటె ముందు పొగ వచ్చును. ఆ పొగ నల్లగ, చిక్కగ నుండును. పూరింటిలో పుట్టిన పొగ కప్పులోనుండి ఆకాశమునకు పోయెడిది. డాబాలో పుట్టిన పొగకు పోవుటకు చోటు లేదు. అది మొదట పైకప్పును తాకి, అటుపిమ్మట క్రిందికి దిగుచు, మంచముపై పండుకొన్నవాని ముక్కుదాక వచ్చును. అందులో కార్బన్ మోనాక్సైడు అను వాయువు ఉండును. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తము ప్రాణవాయువునకంటె దానికి రెండు వందల రెట్లకు పైగా అధికముగ అంటుకొనును. అందుచేత నిద్రించుచున్నవాడు దగ్గి లేచునని నమ్ముటకు వీలులేదు. అతడు మఱింత గాఢముగ నిద్రించును.

హైదరాబాదులో చార్మినారు దగ్గఱ గుల్జార్ హౌజు అను చోట 2025 మే 18వ తేదీ ఉదయమున జరిగిన ఘోరమును మీరందఱు వినియున్నారు. క్రింద దుకాణములు, పైన నివాసము. ఒక్క కుటుంబమువారు, వారి బంధువులు మొత్తము 17 మంది మరణించిరి. వారిలో పిల్లలే ఎనమండుగురు. ప్రధానముగ ప్రాణములు తీసినది పొగ. బయటకు వచ్చుటకు ఉన్నది ఒకటే ఇఱుకు దారి. అది మహానగరము, పాత మేడ. మనకు వర్తించదని ఎవరైన అనుకొందురేమో! నేను ఈ నెలలో మన వీధులలో తిరిగి చూచితిని. ముందు వసారాకు ఇనుప ఊచల చట్రము, దానికి తాళము. వీధి తలుపునకు లోపల గడియ, దానికిని తాళము. కిటికీలకు చేయి మాత్రమే పట్టునంత దగ్గఱగా ఊచలు. పెరటి తలుపునకు అడ్డముగ బియ్యపు బస్తాలు. పైకి పోవు మెట్లకు ఇనుప తలుపు, దాని తాళపుచెవి పట్నములోనున్న కుమారుని దగ్గఱ! దొంగభయముచేత మనము కట్టుకొన్న కోటలివి. దొంగ లోనికి రాలేని యింటినుండి మనము బయటకు పోలేము.

ఒక యింట పెద్దావిడను అడిగితిని. ఆమె అనుమతితోనే ఈ సంభాషణము చెప్పుచున్నాను.

"మామ్మా! రాత్రిపూట తాళంచెవి ఎక్కడ పెడతారు?"

"నా తలకిందే బాబూ. మేకుకి తగిలిస్తే దొంగవెధవలు కిటికీలోంచి కర్రపెట్టి లాగేస్తారు."

"మీకు మెలకువ రాకపోతేనో?"

"నాకు నిద్రెక్కడిది నాయనా!"

"సరే, మీరు ఆసుపత్రిలో ఉన్న రోజున?"

ఆమె కొంచె మాలోచించి నవ్వినది. "ఆ రోజున అదెక్కడుందో మా కోడలికి తెలీదు. నన్నే అడగాలి" అన్నది.

ఆ యింట ఆఱుగురు నిద్రింతురు. ఆఱుగురి ప్రాణములును ఒక్క తలగడక్రింద ఉన్నవి. ఆమెను నేను తప్పుపట్టుట లేదు. ఆమె చెప్పిన దొంగభయము నిజమే. మన ప్రయత్నము ఆ భయమును గౌరవించుచునే ఈ భయమును కూడ తీర్చునదిగ నుండవలెను. అదేమంత కష్టము కాదు. వీధి తలుపు ప్రక్కన, ఏ కిటికీనుండి కఱ్ఱ చాచినను అందనంత దూరమున, పదేండ్ల పిల్లవాని చేతికందు ఎత్తున ఒక మేకు కొట్టుడు. తాళపుచెవికి వెడల్పాటి ఎఱ్ఱగుడ్డ పీలిక కట్టి ఆ మేకునకే తగిలింపుడు. ఇంటిలోని ప్రతివారికి ఆ మేకు తెలియవలెను. ఎవరు వాడినను మరల అక్కడికే చేరవలెను. ఇంతకంటె మేలైనది, లోపలినుండి తాళపుచెవి అక్కఱ లేకయే తెఱచుకొను తాళమును బిగించుట. ఇక ప్రతి పడకగదిలో కాకపోయినను, ఇంటికి ఒక్క కిటికీకైనను ఊచల చట్రమును బందులు వేసి తలుపువలె తెఱచుకొనునట్లు చేయింపుడు. మన యూరి వెల్డింగు పనివాడు ఒక్క పూటలో చేయునని నాతో చెప్పినాడు. పెరటి తలుపుదగ్గఱి బస్తాలను నేను చెప్పవలెనా?

రాత్రి ఒక పరీక్ష చేయుడు. భోజనములైన పిదప దీపములన్నియు ఆర్పి, ఇంటిలో ఒకరిని పిలిచి, మోకాళ్లమీద ప్రాకుచు పోయి తాళము తీసి వీధిలోనికి రమ్మనుడు. ఎంతసేపు పట్టునో లెక్కింపుడు. పిల్లలకు ఇది ఆటగ నుండును. పెద్దలకు మొదటి పర్యాయము సిగ్గు కలుగును, రెండవ పర్యాయము సంగతి తెలియును. ప్రాకుమనుటకు కారణము లేకపోలేదు. పొగ పైన నుండును, నేలకు జేనెడు ఎత్తులో గాలి కొంత మెఱుగుగ నుండును. తడిగుడ్డ ముక్కునకు పెట్టుకొనిన మసి కొంత ఆగును గాని నేను చెప్పిన విషవాయువు ఆగదు. కావున తడిగుడ్డ యున్నదిగదా యని లోపల ఆలస్యము చేయరాదు. మూసిన తలుపును తెఱచుటకు ముందు చేతి వెనుకవైపుతో తాకి చూడుడు. అది వేడిగ నున్నచో ఆవల మంట యున్నదని అర్థము. మఱొక దారి చూచుకొనవలెను. బయటపడునపుడు మీ వెనుక తలుపును దగ్గఱగ వేయుడు. మూసిన తలుపు మంటను చాలసేపు నిలుపును. భయపడిన పిల్లలు మంచముక్రిందనో, స్నానాలగదిలోనో దాగుదురు. మేము పొగలో మొట్టమొదట వెదకునది ఆ చోట్లనే. కావున వీధిలో ఒక గుర్తు, వేపచెట్టో, విద్యుత్ స్తంభమో నిర్ణయించి, "నిప్పంటే అక్కడికి" అని పిల్లలకు ముందుగనే చెప్పియుంచవలెను. అక్కడ తలలు లెక్కపెట్టిన పిదప తక్కిన పనులు. బయటపడినవారు నగలకొఱకు గాని, కాగితములకొఱకు గాని మరల లోనికి పోరాదు. ఈ ఒక్క మాట చెప్పుటకై నేను పది మైళ్లు నడిచి రమ్మనినను వత్తును.

మంచమునుండి లేవలేనివారిని ఎవరు తీసికొనిరావలెనో పేరుపెట్టి నిర్ణయింపుడు. అందఱి బాధ్యత యనినచో ఎవ్వరి బాధ్యతయు కాదు. దుప్పటిపై పండబెట్టి తలవైపు కొసలు పట్టి ఈడ్చినచో ఎంత బరువైన మనిషినైనను ఒక్కరే బయటకు తేవచ్చును. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మనోవ్యాధి గలవారిని గొలుసులతో బంధించియుంచిన పాకకు నిప్పంటుకొని 28 మంది మరణించిరి. గొలుసులు ప్రేమలేక వేసినవో, భయముచేత వేసినవో నిప్పునకు అక్కఱలేదు. మన యిండ్లలో మతిభ్రమణము గల వృద్ధులను రాత్రి గదిలోపెట్టి బయట గడియ వేయువారున్నారు. వారి కష్టము నాకు తెలియును. ఆ గదిప్రక్కనే ఒకరు పండుకొనుడని మాత్రము వేడుకొనుచున్నాను.

ఇప్పుడు వంటయింటిలోనికి పోదము. 1999లో దీపము పథకము వచ్చిన తరువాత మన గ్రామములలో గ్యాసుపొయ్యి బాగుగ వ్యాపించినది. కట్టెపొయ్యి పొగనుండి ఆడువారి కన్నులను, ఊపిరితిత్తులను అది కాపాడినది. ఇంటి సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ద్రవరూపమున నుండును. దానికి సహజముగ వాసన లేదు. మనకు వచ్చు దుర్వాసన, కాఱినపుడు తెలియుటకై ఇథైల్ మెర్కాప్టాన్ అను పదార్థమును కావలెనని కలుపగా వచ్చినది. ఈ గ్యాసు గాలికంటె బరువు. కాఱినపుడు పైకి పోక నీటివలె నేలపై పఱచుకొని గడపలు దాటి, పల్లపుచోట నిలుచును. కావున సిలిండరును గోతిలోగాని, మూసిన అరలోగాని పెట్టరాదు. పొయ్యి ఎల్లప్పుడును సిలిండరుకంటె ఎత్తున నుండవలెను. వాసన వచ్చినపుడు దీపపు స్విచ్చి వేయరాదు, వెలుగుచున్న దీపమును ఆర్పనురాదు. రెండింటిలోను రవ్వ పుట్టును. చీకటిలోనే పోయి రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు కిటికీలు తెఱచి, బయటకు వచ్చి 1906 అను సంఖ్యకు ఫోను చేయవలెను. ఆ ఫోనైనను ఇంటిలో నిలిచి చేయరాదు. కాఱుచున్నదో లేదో చూచుటకు అగ్గిపుల్ల వెలిగించువారిని నేనెఱుగుదును. సబ్బునురుగు రాసినచో బుడగలు తామే చెప్పును. రబ్బరు గొట్టమును ఐదేండ్లకొకసారి మార్చవలెను. సిలిండరు పైకమ్ములమీద ఒక ఇంగ్లీషు అక్షరము, సంవత్సరము వ్రాసియుండును. ఏ అనినచో జనవరి–మార్చి, బి అనినచో ఏప్రిల్–జూన్, సి జూలై–సెప్టెంబరు, డి అక్టోబరు–డిసెంబరు. అది మరల పరీక్ష చేయవలసిన గడువు. గడువు దాటిన సిలిండరును పుచ్చుకొనక తిప్పిపంపు హక్కు మీకు కలదు. చదువుకొన్న పిల్లలున్న యిండ్లలో ఈ పని పిల్లల కప్పగింపుడు. వారు మనకంటె కఠినముగ చూతురు.

బాణలిలో నూనె అంటుకొన్నపుడు మన చేయి తనంతట తాను నీళ్లచెంబు మీదికి పోవును. అదే ప్రాణాంతకము. నీరు నూనె అడుగునకు పోయి క్షణములో ఆవిరియగును. ఆవిరియైన నీరు తన పరిమాణమునకు సుమారు 1,700 రెట్లు పెరుగును. పెరుగుచు మండుచున్న నూనెను పైకప్పుదాక ఎగజిమ్మును. చేయవలసినది స్వల్పము: పొయ్యి కట్టి, వెడల్పైన మూతను ప్రక్కనుండి జరపుచు బాణలిపై మూసి, అది చల్లారుదాక తీయకుండుట. బాణలిని పట్టుకొని పెరటిలోనికి పరుగెత్తరాదు. అప్పాలు, అరిసెలు వండునపుడు మూతను ముందుగనే ప్రక్కన పెట్టుకొన్న గృహిణికి ఈ ఉపన్యాసముతో పని లేదు.

చీర కొంగు అంటుకొన్నపుడు పరుగెత్తినచో గాలి తగిలి మంట మీదికి లేచును, ముఖమును కాల్చును. ఉన్నచోటనే నేలపై పడి దొర్లవలెను. చూచినవారు మందపాటి నూలు దుప్పటియో, గొంగళియో, తడిపిన గోనెపట్టాయో చుట్టి మంటను అణచవలెను. నీళ్లున్నచో నీళ్లు పోయవచ్చును. కాలిన పిదప చేయు చికిత్సలో మన దేశమున చెప్పలేనంత అజ్ఞానము కలదు. సిరా, పండ్లపొడి, పసుపు, వెన్న, కోడిగ్రుడ్డు సొన – ఇవి యేవియు పూయరాదు. కాలినచోటున చల్లని మామూలు నీటిధారను ఇరువది నిమిషములు విడువవలెను. ఇరువది నిమిషములు ఎంతసేపో గడియారము చూచి చేసినవారికి తెలియును. రెండు నిమిషములకే చాలునని మనస్సు చెప్పును. మంచుగడ్డ వలదు. గాజులు, ఉంగరములు, మొలత్రాడు వాపు రాకముందే తీయవలెను. చర్మమునకు అంటిన బట్టను లాగరాదు. శుభ్రమైన గుడ్డ కప్పి, 2005లో ఆరంభమైన 108 వాహనమును పిలిచి ఆసుపత్రికి చేర్పవలెను. పసిపిల్లలకు నిప్పుకంటె పప్పుచారు గిన్నె, స్నానపు వేడినీళ్ల బకెట్టు తఱచుగ శత్రువులగుచున్నవి, చికిత్స అదియే.

విద్యుత్తు విషయమున ఎక్కువ చెప్పను. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని లావుపాటి రాగితీగ వేసి, "ఇక పోదు" అని సంతోషించువారున్నారు. సన్నగ నుండి కరగిపోవుటయే దాని ఉద్యోగము. అది కరగనిచో గోడలోని తీగ కాలును. క్రొత్తగ ఇల్లు కట్టువారు 30 మిల్లీయాంపియర్ల లీకునకే విద్యుత్తును తెగగొట్టు ఆర్.సి.సి.బి. పరికరమును తప్పక పెట్టించుకొనుడు. విద్యుత్తువలన పుట్టిన నిప్పుపై మెయిను స్విచ్చి కట్టకుండ నీరు పోయరాదు. క్రొత్త వస్తువుతో క్రొత్త భయము వచ్చును. 2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులో ఒకరు, విజయవాడలో ఒకరు, రాత్రి ఇంటిలో ఛార్జింగు పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీ ప్రేలి మరణించిరి. ఆ బ్యాటరీని పడకగదిలో గాని, బయటకు పోవు దారిలో గాని ఉంచి నిద్రింపరాదు.

రైతు సోదరులకు రెండు మాటలు. ధర వచ్చువఱకని పత్తిని పడకగదులలో నింపుచున్నారు. పత్తిలో పడిన నిప్పు పైకి కనబడదు. లోలోపల గంటలకొలది రాజుకొని, ఆరినదనుకొన్న మఱునాడు లేచును. ఒక చుట్టపీక, ఒక దోమలచుట్ట చాలును. పత్తి యున్న గదిలో మనిషి పండుకొనరాదు, మనిషి పండుకొన్న గదిలో పత్తి యుండరాదు. గడ్డివామిని ఇంటి చూరునకు ఆనించి వేయువారు ఇంకను ఉన్నారు. నా లెక్కలో వామి యెత్తునకు రెండింతల దూరమైనను ఇంటికిని వామికిని నడుమ ఉండవలెను. పచ్చి ఆరని గడ్డిని వామి వేసినచో తనలో తానే వేడెక్కి అంటుకొనుట కట్టుకథ కాదు. పశువుల కొట్టము విషయమున చూడలేని దృశ్యములు చూచితిని. గంగిరెద్దువలె సాధువైన పశువు కూడ మంటను చూచిన బెదరి పలుపును బిగలాగును; ముడి ఊడదు; మనిషి దగ్గఱకు పోలేడు. కావున ఒక్క లాగుతో ఊడు ముడి వేయుడు. కొట్టపు వాకిట, బయటివైపున, పదునైన కొడవలి నొకదానిని ఎల్లప్పుడును వ్రేలాడదీయుడు. అది కోతలకు తీయవలసినది కాదు.

నిప్పుతోబాటు గాలివానయు, వరదయు మనకు బంధువులే. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి వేలకొలది ప్రజలను హరించినది. నేడు తుపాను వార్త ముందుగనే అందుచున్నది. అయినను బయలుదేరుడనినపుడు ఇంటిలో వెదకులాట మొదలగును. తలుపుదగ్గఱ ఒక సంచి సిద్ధముగ నుండినచో ఆ వెదకులాట తప్పును. పట్టాదారు పాసుపుస్తకము, ఆధారు, బ్యాంకు పుస్తకము, పిల్లల చదువు పత్రముల నకళ్లు జలము చొఱని కవరులో, నిత్యము వాడు మందులు మూడు నాళ్లకు, చేతిదీపము, కొంత చిల్లర డబ్బు. బంధువుల ఫోను సంఖ్యలు కాగితముపై వ్రాసి యుంచుడు. అన్నియు సెల్‌ఫోనులో ఉన్నవి గదా యందురు. ఆ సెల్‌ఫోను ఇంటిలోనే కాలుచుండును! అసలు పత్రములను వేఱొక ఊరిలోనున్న బంధువుల యింటనో, బ్యాంకు పెట్టెలోనో దాచినవారు బుద్ధిమంతులు.

అగ్నిమాపక వాహనమునకు 101, అన్ని ఆపదలకును 112. మొదట ఊరు, మండలము చెప్పుడు. తరువాత కాలుచున్నది ఇల్లో, వామియో, గ్యాసో. లోపల మనుష్యులున్నారో లేదో. పెద్ద వాహనము పట్టు దారి ఏదో. "తొందరగా రండి" అని చెప్పి ఫోను పెట్టివేసిన సందర్భములలో, ఏ ఊరికి పోవలెనో తెలియక మేము బండి యెక్కి కూర్చుండితిమి. ఒక కుఱ్ఱవానిని పెద్దబాట మలుపునకు పంపుడు. సాధారణముగ మా బండిలో పట్టునది నాలుగైదు వేల లీటర్ల నీరు. గొట్టములు పూర్తిగ విప్పినచో అది నిమిషములలో హరించును. ఆపై చెఱువుగట్టుకు బండి పోగలదా, పొలము మోటారు ఏది దగ్గఱ, దాని స్విచ్చి ఎవరి చేతిలో నున్నది – ఇది పంచాయతీవారు నేడే చూడవలసిన పని. బండి వచ్చులోపల ఇంటివారికి దొరకు కాలమే విలువైనది. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు కాకుండ, ఇంటిలో రెండు బకెట్ల ఇసుక, ఒక గోనెపట్టా పెట్టుకొనుడు. శక్తిగలవారు ఎఱ్ఱని పొడి ఆర్పుయంత్రమును కొని, సీల తీసి మంట మొదలుపై కొట్టుట నేర్చుకొనుడు. మంట మనిషి యెత్తు దాటినచో యంత్రమును విడిచి బయటకు రండి.

చివరకు ఈ గ్రంథాలయమును గుఱించి ఒక మాట. నిష్ఠురమైనను కార్యవర్గమువారు మన్నింపవలెను. ఢిల్లీలో ఉపహార్ అను సినిమాహాలులో 1997 జూన్ 13న పొగ క్రమ్మి 59 మంది మరణించినపుడు, దారికి అడ్డముగ వేసిన అదనపు కుర్చీలు జనమును నిలిపివేసినవని తేలినది. మన పఠనాలయమునకు రెండు తలుపులున్నవి. రెండవ తలుపునకు అడ్డముగ ఎదుట కనబడు పెద్ద బీరువా నిలిచియున్నది; అందులో బహుశః బాలసాహిత్యమున్నది. సాయంకాలము ఈ గదిలో ముప్పదిమంది పిల్లలు కూర్చుండి చదువుకొందురని లైబ్రేరియనుగారు సంతోషముతో చెప్పిరి. నేను కూడ సంతోషించితిని, వెంటనే ఆ తలుపువైపు చూచితిని.

సభానంతరము ఆవరణలో నూనె బాణలి, మూత, ఇసుక, గోనెపట్టా, ఒక ఆర్పుయంత్రము సిద్ధము చేయించితిని. స్త్రీలు ముందుకు రావలెను. మూత వేయుట వారిచేతనే చేయింతును. దానికి ముందు నలుగురు యువకులు నాతో లోనికి రండి. ముందుగ అరలలోని పుస్తకములు దింపి, తరువాత బీరువా జరుపుదము. ఆ తలుపు బందులకు నూనె కూడ కావలసియుండును.